ఓడ ఎక్కకముందే షోలు బుక్ చేసుకోవాలా? మా ఆడపడుచు అడిగిన ప్రశ్నకు నా జవాబు

మా ఆడపడుచు కుటుంబం వచ్చే సంక్రాంతి సెలవులకు సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల క్రూయిజ్‌కు వెళ్తోంది. గాజువాకలో ఉండే ఆ అమ్మాయి పోయిన ఆదివారం ఎం.వి.పి. కాలనీలోని మా ఇంటికి వచ్చి, భోజనాల బల్ల మీద ఫోన్ పెట్టి, ఓడ కంపెనీ యాప్‌లో వరుసగా కనిపిస్తున్న షోల పట్టికను నాకు చూపిస్తూ, "వదినా, ఇవన్నీ ఇప్పుడే పెట్టేసుకోవాలా, ఓడ ఎక్కాక చూసుకుందామా?" అని అడిగింది. టికెట్లు చేసి ఇచ్చిన ట్రావెల్ ఏజెంటు "అన్నీ ప్యాకేజీలోనే ఉన్నాయండీ, మీరేమీ బుక్ చేయక్కర్లేదు" అన్నాడట. ఇదివరకు వెళ్లివచ్చిన స్నేహితురాలేమో "తేదీ తెరుచుకున్న నిమిషంలోనే పట్టుకోకపోతే ఒక్క సీటు కూడా మిగలదు" అని భయపెట్టిందట. కిందటి సంక్రాంతికి మేము అదే దారిలో, సింగపూర్ నుంచి పెనాంగ్, ఫుకెట్ మీదుగా తిరిగి సింగపూర్‌కు వెళ్లివచ్చాం కనుక, ఆ ఇద్దరి మాటల్లో ఏది ఎంతవరకు నిజమో చెప్పగలను. ఆరోజు కాఫీలు తాగుతూ చెప్పినదానికంటే కాస్త వివరంగా, ఇలాంటి ప్రయాణానికి సిద్ధమవుతున్న మరికొందరికి కూడా పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

మొదట డబ్బు సంగతి చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో బుకింగ్ అనగానే "ఎంత?" అనే ప్రశ్నే ముందు వస్తుంది. రాయల్ కరీబియన్ వంటి కంపెనీల పెద్ద ఓడల్లో ప్రధాన థియేటర్‌లో జరిగే సంగీత నాటకాలకూ, మంచు మీద స్కేటింగ్ చేసే ప్రదర్శనలకూ, నీటిలోకి ఎత్తు నుంచి దూకే ప్రదర్శనలకూ విడిగా టికెట్టు ఉండదు, ఆ ఖర్చు ప్రయాణం ధరలోనే కలిసి ఉంటుంది. యాప్‌లో మనం చేసే బుకింగ్ డబ్బు కట్టడం కాదు, ఫలానా రోజు ఫలానా ఆటకు మేము వస్తామని పేరు రాయించుకోవడం మాత్రమే. కాబట్టి ఏజెంటు చెప్పినదాంట్లో డబ్బు వరకు అబద్ధం లేదు. అయితే తిరుమలలో 300 రూపాయల టికెట్టు ఉన్నవారికీ సర్వదర్శనానికి వెళ్లేవారికీ దర్శనం ఒకే స్వామిదైనా, ఒకరికి తమ గంట ముందే తెలుసు, మరొకరు కంపార్ట్‌మెంటులో కూర్చుని ఎదురుచూడాలి. ఇక్కడి తేడా కూడా అటువంటిదే, కాకపోతే ఈ టికెట్టుకు రూపాయి కూడా అక్కర్లేదు.

ఈ ఏర్పాటు ఎందుకు వచ్చిందో అర్థం కావాలంటే ఓడ పరిమాణం కళ్ల ముందుకు తెచ్చుకోవాలి. 2022 జూన్‌లో మన విశాఖ రేవు నుంచి ఎంప్రెస్ అనే ఓడ పుదుచ్చేరి, చెన్నైలకు బయలుదేరినప్పుడు, అది డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి సముద్రంలోకి వెళ్తుంటే చూడటానికి ఊరంతా కదిలింది. 1990లో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో నీటిలోకి దిగిన ఆ ఓడలో సుమారు 1,800 మంది ప్రయాణం చేయగలరు. మనకు అది కదిలే కొండలా కనిపించింది. 2024 జనవరిలో సేవలు మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ది సీస్‌లో గదికి ఇద్దరి లెక్కన చూసినా 5,610 మంది పడతారు, పడకలన్నీ నిండితే ఆ సంఖ్య 7,600 దాకా పోతుంది. ఇక 2014లో వచ్చిన క్వాంటమ్ ఆఫ్ ది సీస్, దాని తర్వాత వచ్చిన దాని తోబుట్టువుల్లో గదికి ఇద్దరి లెక్కన 4,100 మందికి పైగా ఉంటారు. మేము వెళ్లినది ఆ తరహా ఓడ. అంతమంది ఉన్న చోట ప్రధాన థియేటర్‌లో సీట్లు దాదాపు 1,300. ఒక రాత్రి రెండు ఆటలు వేస్తే 2,600 మంది చూడగలరు. రెండు రాత్రులు వేస్తే ఓడలో ఉన్న అందరికీ సరిపోయి ఇంకా మిగులుతాయి. అంటే సీట్లకు కరువు లేదు. కానీ అందరూ ఒకే ఆటకు, భోజనం కాగానే ఉండే ఆటకు ఎగబడితే మాత్రం ఆ ఒక్క ఆటకు చోటు చాలదు. జనాన్ని ఆటలవారీగా సర్దడానికే ముందస్తు బుకింగ్ పెట్టారు.

చిన్న హాళ్ల విషయంలో లెక్క వేరు. క్వాంటమ్ తరహా ఓడల వెనుక భాగంలో టూ సెవెంటీ అని ఒక హాలు ఉంటుంది. మూడు వైపులా నిలువెత్తు గాజు గోడలు ఉండి 270 డిగ్రీల మేర సముద్రం కనిపిస్తుంది కాబట్టి దానికి ఆ పేరు పెట్టారు. పగలు అక్కడ కాఫీ తాగుతూ అలలు చూస్తూ కూర్చోవచ్చు. చీకటి పడ్డాక ఆ గాజు గోడలే తెరలైపోతాయి, రోబో చేతులకు అమర్చిన తెరలు గాలిలో తిరుగుతుంటే వాటి మధ్య కళాకారులు తాళ్ల మీద వేలాడుతూ విన్యాసాలు చేస్తారు. ఆ హాలులో సీట్లు ప్రధాన థియేటర్ కంటే బాగా తక్కువ. అదే విధంగా 1999లో వచ్చిన వాయేజర్ ఆఫ్ ది సీస్‌తో ఓడల్లోకి అడుగుపెట్టిన మంచు మైదానాలు, 2009లో ఒయాసిస్ ఆఫ్ ది సీస్‌తో వచ్చిన నీటి రంగస్థలాలు కూడా చిన్నవే. స్నేహితురాలు చెప్పిన "ఒక్క సీటు కూడా మిగలదు" అనే మాట ఏమైనా వర్తిస్తే ఈ చిన్న హాళ్లకే వర్తిస్తుంది. అందుకే మా ఆడపడుచుకు నేను మొట్టమొదట చెప్పిన మాట ఇది: పట్టికలో ఉన్న షోలన్నిటినీ ఒకే కంటితో చూడకు, ఏ షో ఏ హాలులో జరుగుతుందో చూడు, చిన్న హాలులో జరిగేదాన్ని ముందు పెట్టుకో.

అన్ని కంపెనీలూ ఇదే పద్ధతి పాటించవని కూడా గుర్తుంచుకోవాలి. డిస్నీ ఓడల్లో రాత్రి భోజనం రెండు పంక్తులుగా పెడతారు. మొదటి పంక్తి తింటుంటే రెండో పంక్తివారు థియేటర్‌లో ఉంటారు, ఆ తర్వాత వారు వీరి చోటికీ వీరు వారి చోటికీ మారతారు, కాబట్టి అక్కడ ప్రధాన షోకు బుకింగ్ అవసరమే రాదు. అందుచేత మీరు ఎక్కబోయే ఓడకు ఏ పద్ధతి ఉందో ఆ కంపెనీ యాప్‌లోనే చూసుకోవాలి, ఇంకో ఓడలో వెళ్లివచ్చినవారి అనుభవం అచ్చంగా పనికిరాదు. నేను రాస్తున్నది కూడా అంతే.

ఇక మా సంగతి. మా ఆయన, నేను, పద్నాలుగేళ్ల అమ్మాయి, తొమ్మిదేళ్ల అబ్బాయి, డెబ్భై ఒకటో ఏట ఉన్న మా అత్తయ్యగారు, మొత్తం ఐదుగురం రెండు కేబిన్లలో వెళ్లాం. బయలుదేరడానికి దాదాపు రెండు నెలల ముందు యాప్‌లో షోల పట్టిక కనిపించింది. ఆ రాత్రి నేను పాత క్యాలెండరు కాగితం వెనుక నాలుగు సాయంత్రాలకు నాలుగు గడులు గీసి, ఒక్కో గడిలో భోజనం, షో, పిల్లల ఆటలు పెన్సిల్‌తో రాసుకున్నాను. ఒక్క ఖాళీ కూడా వదలలేదు. మొదటి రాత్రి బయటినుంచి వచ్చిన హాస్య కళాకారుడి షో, రెండో రాత్రి గాజు హాలులో విన్యాసాలు, మూడో రాత్రి ప్రధాన థియేటర్‌లో సంగీత నాటకం, నాలుగో రాత్రి మళ్లీ ఇంకొకటి. నాలుగింటికీ బుకింగ్ దొరికింది, ఏదో పరీక్ష పాసైనంత సంతోషం కలిగింది. ఇప్పుడు చూస్తే ఆ కాగితంలో నాలుగు గడుల్లో ఒకటే సరిగ్గా ఉంది.

మొదటి రాత్రి సంగతి విశాఖ నుంచి వెళ్లే ప్రతి ఒక్కరూ ఆలోచించుకోవలసినది. మన ఊరి నుంచి సింగపూర్‌కు నేరుగా విమానం ఉంది, మేము ఎక్కినది రాత్రి విమానం. ప్రయాణం నాలుగు గంటలే అయినా, సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది కాబట్టి, కునుకు పట్టేలోపే తెల్లారిపోతుంది. అక్కడినుంచి సామాను లాక్కుంటూ మెరీనా బే క్రూయిజ్ సెంటర్‌కు చేరి, వరుసల్లో నిలబడి, ఓడ ఎక్కి, ప్రమాద సమయంలో ఏ చోట చేరాలో తెలిపే తప్పనిసరి రక్షణ కసరత్తు పూర్తిచేసి, గదికి చేరేసరికి పిల్లలు బట్టలు కూడా మార్చుకోకుండా పడుకున్నారు. హాస్య కళాకారుడి షోకు ఐదుగురిలో ఒక్కరం కూడా వెళ్లలేదు. అది నాకు ఈరోజుకీ బాధ కలిగించే విషయం, మేము షో చూడలేకపోయినందుకు కాదు, ఐదు సీట్లు మా పేరున కట్టేసుకుని, రద్దు కూడా చేయకుండా నిద్రపోయినందుకు. రద్దు చేయడానికి యాప్‌లో రెండు సార్లు వేలితో తాకితే సరిపోయేది.

కళాభారతిలో మంచి కచేరీ ఉన్నరోజు ముందుగా వచ్చినవాళ్లు పక్క కుర్చీల మీద కర్చీఫులు, చేతిసంచులు పెట్టి, రాని చుట్టాల కోసం సీట్లు పట్టి ఉంచడం మనందరం చూశాం. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరే అలవాటు కూడా మనదే. ఓడలో సీటు పట్టి ఉంచడానికి ఒప్పుకోరు. బుకింగ్ ఉన్నా సరే, సాధారణంగా షో మొదలయ్యే పది, పదిహేను నిమిషాల ముందు వరకే మన సీటు మనది. ఆ తర్వాత తలుపు పక్కన స్టాండ్‌బై వరుసలో, అంటే బుకింగ్ లేనివారి వరుసలో, నిలబడ్డవారిని లోపలికి వదులుతారు. ఈ నిబంధనలో రెండు విషయాలు ఉన్నాయి. బుకింగ్ ఉన్నవారు తీరిగ్గా వస్తే దాని వలన ఏ ఉపయోగమూ ఉండదు. బుకింగ్ లేనివారు ఇరవై నిమిషాల ముందు వెళ్లి నిలబడితే, మాలాగా నిద్రపోయినవారి సీట్లు వారికి చాలావరకు దొరుకుతాయి, ప్రధాన థియేటర్‌లో అయితే మరీ సులువుగా. కాబట్టి యాప్‌లో "ఖాళీ లేదు" అని కనిపించగానే దిగులుపడవలసిన పని లేదు.

మన శరీరపు గడియారం గురించి నాకు ఓడ ఎక్కాకే అర్థమైంది, దీన్ని ముందే ఆలోచించి ఉంటే నా కాగితం వేరేలా ఉండేది. ఓడలో మొదటి పంక్తి భోజనం సాయంత్రం ఐదున్నరకు పెట్టారు. అది మన ఇంట్లో మధ్యాహ్నం మూడు గంటలు. పన్నెండున్నరకు అన్నం తిన్న అత్తయ్యగారు మూడింటికి మళ్లీ భోజనం ఎలా చేస్తారు? రాత్రి ఏడున్నరకు మొదటి ఆట, తొమ్మిదిన్నరకు రెండో ఆట అని పట్టికలో చూసి, పెద్దావిడ, చిన్నపిల్లవాడు ఉన్నారు కదా, తొమ్మిదిన్నర అయితే నిద్ర ముంచుకొస్తుందని, ఉన్నవన్నీ ఏడున్నర ఆటలకే పెట్టాను. తీరా చూస్తే ఓడలో రాత్రి తొమ్మిదిన్నర అంటే మన లెక్కన ఏడు గంటలు. మొదటి రాత్రి అలసట తీరిపోయాక, ఆ వేళకు ఇంట్లో అందరూ హుషారుగా ఉన్నారు. పైగా ఎక్కువమంది మొదటి ఆటనే కోరుకుంటారు, రెండో ఆటకు వరుసలు చిన్నవి, సీట్లు ఎంచుకునే వీలు ఎక్కువ. నాలుగైదు రోజుల ప్రయాణంలో మన శరీరం సింగపూర్ కాలానికి పూర్తిగా అలవాటు పడదు, దాన్ని అలవాటు చేయడానికి తంటాలు పడకుండా రెండో ఆట పెట్టుకోవడమే మంచిదని మా ఆడపడుచుకు గట్టిగా చెప్పాను.

మూడో రాత్రి సంగతి కాస్త విడమరచి చెబుతాను. ఆ రోజు ఓడ ఫుకెట్‌లో ఆగింది. అంత పెద్ద ఓడ అక్కడ ఒడ్డుకు ఆనదు, పటోంగ్ తీరానికి దూరంగా లంగరు వేస్తే, చిన్న పడవల్లో మనల్ని ఒడ్డుకు చేరుస్తారు. పోయేటప్పుడు సరదాగానే ఉంటుంది, వచ్చేటప్పుడు మాత్రం మధ్యాహ్నపు ఎండలో వందలమందితో కలిసి వరుసలో నిలబడాలి. మేము గదికి చేరి, స్నానాలు చేసి, కాసేపు నడుము వాల్చాం. ఏడున్నర ఆటకు బుకింగ్ ఉంది కాబట్టి ఏడుంపావుకు బయలుదేరుదామని నేను ఫోన్‌లో టైము చూస్తూ ఉన్నాను. మా అత్తయ్యగారి చేతికి మామయ్యగారు ఎప్పుడో కొనిచ్చిన, తాళం తిప్పే హెచ్.ఎం.టి. గడియారం ఉంటుంది. చాంగీ విమానాశ్రయంలో దిగగానే మా అబ్బాయి దాన్ని సింగపూర్ టైముకు తిప్పి ఇచ్చాడు. ఆవిడ మంచం అంచున కూర్చుని, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ, "ఎనిమిది దాటినట్టుందే అమ్మాయ్, ఆట ఏడున్నరకు కదా?" అన్నారు. గడియారానికి తాళం తిప్పడం మరచిపోయి ఉంటారని, అందుకే తప్పుగా చూపిస్తోందని నేను అనుకుని, "ఇంకా టైముంది అత్తయ్యా" అన్నాను.

మేము నడవాలన్నీ దాటుకుని థియేటర్ తలుపు దగ్గరికి వెళ్లేసరికి, లోపలికి వెళ్లవలసిన జనం బయటికి వస్తున్నారు. ఒకరిద్దరు ఆ నాటకంలోని పాటను కూనిరాగం తీస్తున్నారు. తలుపు దగ్గర కార్డులు చూసే అమ్మాయి నా ఫోన్ చూసి, తన చేతి గడియారం చూపించింది. ఎనిమిదీ ఇరవై. థాయిలాండ్ కాలం సింగపూర్ కంటే గంట వెనుక. ఒడ్డుకు వెళ్లినప్పుడు నా ఫోన్ అక్కడి సిగ్నల్ అందుకుని తనంతట తానే గంట వెనక్కి జరిగింది, ఓడ మాత్రం ప్రయాణం పొడవునా సింగపూర్ కాలాన్నే పాటించింది. అక్కడ ఉన్న ఐదుగురిలో సరైన టైము చూపించిన గడియారం అత్తయ్యగారిది ఒక్కటే. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. చేతి మీద కొంగు కప్పుకుని పక్కన నిలబడ్డారు. ఆ నిమిషం నాకు కలిగిన సిగ్గు ఇప్పటికీ గుర్తుంది.

ఆ అమ్మాయే తొమ్మిదిన్నర ఆటకు స్టాండ్‌బై వరుసలో నిలబడమని సలహా ఇచ్చింది. తొమ్మిదింటికి వెళ్లి నిలబడ్డాం. షోకు ఇంకా పది నిమిషాలు ఉందనగా లోపలికి వదిలారు. ఐదు సీట్లు ఒకచోట లేవు. పిల్లలు, వాళ్ల నాన్న పై అంతస్తులో ఒక మూల, నేను ఇంకొక వరుసలో. మెట్లు దిగలేని అత్తయ్యగారిని తలుపుకు దగ్గరగా, దారి పక్క సీటులో, ఎవరో చైనా దంపతుల పక్కన కూర్చోబెట్టాను. నాటకం అంతా ఇంగ్లీషులో ఉంది, పక్కన కథ చెప్పే మనవరాలు లేదు. విరామం లేని ఆ యాభై నిమిషాలు ఆవిడ శాలువా కప్పుకుని ఓపికగా కూర్చున్నారు. ఆ హాళ్లలో ఏసీ చలి ఎక్కువ, పెద్దవాళ్లకు ఏదో ఒకటి కప్పుకోవడానికి తప్పకుండా తీసుకువెళ్లండి. సీటు దొరికింది, షో చూశాం, ఏమీ నష్టపోలేదు అని మా ఆయన అన్నారు కానీ, కుటుంబంలో అందరం ఒకే వరుసలో కూర్చోవడం కోసమే కదా నేను రెండు నెలల ముందు ఆ కాగితం గీసుకున్నది. ముందస్తు బుకింగ్ వలన నిజంగా దక్కేది అదేనని నాకు ఆరోజు తెలిసింది. ఇద్దరు కుర్రవాళ్లు వెళ్తే స్టాండ్‌బై చాలు, ఎక్కడో ఒకచోట చోటు దొరుకుతుంది. ఐదారుగురు ఉండి, అందులో మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఉంటే, బుకింగ్ చేసుకుని ఇరవై ఐదు నిమిషాల ముందు వెళ్లి, మెట్లు లేని వరుసలో కలిసి కూర్చోవాలి.

రెండో రాత్రి గాజు హాలు షో మాత్రం అనుకున్నట్టే జరిగింది. పెనాంగ్‌లో ఓడ నేరుగా రేవు గట్టుకే ఆనుకుంది కాబట్టి దిగడం, ఎక్కడం తేలిక. మలేషియా, సింగపూర్ గడియారాలు ఒకటే కనుక ఫోన్ కూడా మోసం చేయలేదు. అయితే అక్కడ ఒక చిన్న ఆటంకం వచ్చింది. రెండు కేబిన్లకు రెండు వేర్వేరు బుకింగ్ నంబర్లు ఉన్నాయి. అత్తయ్యగారు, మా అమ్మాయి ఒక నంబరులో, మిగతా ముగ్గురం ఇంకో నంబరులో. యాప్‌లో రెండిటినీ ఒకదానితో ఒకటి జోడించకుండా నేను షో పెట్టడంతో, ముగ్గురి పేర్లే చేరాయి. ఓడ ఎక్కిన సాయంత్రం అది గమనించి, సేవల కౌంటరు దగ్గర అడిగితే వాళ్లు సర్దిపెట్టారు. చిన్న హాలు కాబట్టి అదృష్టం కొద్దీ మిగిలిన సీట్లవి. ఆ షోలో మాటలు దాదాపు లేవు, వెలుగులు, సంగీతం, గాలిలో తేలే మనుషులు, అంతే. అత్తయ్యగారు కన్నార్పకుండా చూశారు. మా అబ్బాయి ఆవిడ చెయ్యి పట్టుకుని, రోబో తెర ఎటు తిరిగితే అటు చూపించాడు. ఇంటికి వచ్చాక చుట్టాలందరికీ ఆవిడ చెప్పినది ఆ షో గురించే. ఇంగ్లీషు ధారాళంగా అర్థం కాని పెద్దవాళ్లతో వెళ్లేవారు హాస్య కార్యక్రమాల జోలికి పోకుండా, విన్యాసాలు, స్కేటింగ్, నీటి ప్రదర్శనలు, ఇంద్రజాలం ఎంచుకోవాలని నా నమ్మకం.

నాలుగో రోజు ఓడ ఎక్కడా ఆగదు, రోజంతా సముద్రమే. ఆ రాత్రికి పెట్టుకోవడం సుఖంగానే కనిపిస్తుంది కానీ, అన్నిటికంటే ఇష్టమైన షోను చివరి రాత్రికి దాచుకోవద్దు. గాలి పెరిగితే నీటి ప్రదర్శనలు ఆపేస్తారు, ఓడ ఊగితే మంచు మీద స్కేటింగ్ ఆపేస్తారు. అంత ఎత్తు నుంచి దూకే మనిషికి కింద నీరు పక్కకు జరగడం ఎంత ప్రమాదమో మన రుషికొండ అలలు చూసేవారికి చెప్పక్కర్లేదు. సముద్రమట్టం నుంచి 300 అడుగుల ఎత్తుకు గాజు గదిలో తీసుకెళ్లే నార్త్ స్టార్ కూడా గాలి ఎక్కువైతే కదలదు. రెండో రాత్రి షో రద్దయితే మూడో రాత్రో నాలుగో రాత్రో మళ్లీ వేసే వీలుంటుంది, చివరి రాత్రిది రద్దయితే ఇంక రాత్రి లేదు. మరోమాట, చివరి రాత్రి పెట్టెలు సర్ది తలుపు బయట పెట్టాలి, ఆ హడావిడి వేరే.

పిల్లల ఆటల గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే వాటిలో చాలావరకు ముందు పెట్టుకోవలసినవి కావు. గోడ ఎక్కడం, బంపర్ కార్లు, స్కేటింగ్ వంటివాటి వేళలు ఏ రోజుకారోజు యాప్‌లో వస్తాయి, వెళ్లి వరుసలో నిలబడితే చాలు. అలల యంత్రం మీద పడుకుని జారడానికి కనీసం 52 అంగుళాలు, నిలబడి జారడానికి 58 అంగుళాల ఎత్తు ఉండాలి. ఇంట్లోనే గోడకు నిలబెట్టి కొలిచి చూపిస్తే, అక్కడికి వెళ్లాక ఏడుపు ఉండదు. గాలి గొట్టంలో తేలే ఐఫ్లై, నార్త్ స్టార్ మాత్రం మనిషికింత సమయం అని కేటాయించేవి కాబట్టి, మీ ఓడలో అవి ఉంటే షోలకంటే ముందుగా వాటినే పట్టుకోండి. డబ్బు కట్టి ముందే కొనే విందులు, వైన్ ప్యాకేజీల వంటివాటికి రద్దు నిబంధనలు వేరుగా ఉంటాయి, వాటిని చదవకుండా కార్డు నంబరు ఇవ్వకూడదు.

ఇవన్నీ చెప్పాక మా ఆడపడుచు, నేను కలిసి కొత్త కాగితం తీసుకున్నాం. వాళ్లూ మాలాగే సంక్రాంతి సెలవుల్లో, రాత్రి విమానంలో, వాళ్ల అత్తమామలతో వెళ్తున్నారు, మొత్తం ఆరుగురు. మొదటి రాత్రి గడి ఖాళీగా వదిలేశాం. రెండో రాత్రి గాజు హాలు షో, రెండో ఆట. మూడో రాత్రి ఫుకెట్ కాబట్టి ఖాళీ, ఓపిక ఉంటే స్టాండ్‌బైకి వెళ్లవచ్చు, లేకపోతే పై డెక్కు మీద గాలికి కూర్చోవచ్చు. నాలుగో రాత్రి సంగీత నాటకం, అది కూడా వాళ్ల అమ్మాయికి పాటలంటే ఇష్టం కాబట్టి. నాలుగు రాత్రులకు రెండే షోలు. "ఇంత డబ్బు పెట్టి రెండేనా వదినా?" అని ఆ అమ్మాయి కాసేపు వాదించింది. బుకింగులు రెండే కానీ చూసేవి రెండే అని కాదు, మిగతావి ఆ పూట మనసును బట్టి, కాళ్ల ఓపికను బట్టి చూసుకోవచ్చని చెప్పాను. ఓడలోని వైఫైకి ఫోన్ కలిపితే, ఇంటర్నెట్ ప్యాకేజీ కొనకపోయినా, ఆ యాప్ పనిచేస్తుంది. ఎవరో రద్దు చేసిన సీట్లు అప్పటికప్పుడు కనిపిస్తూనే ఉంటాయి. మనం వెళ్లలేకపోతే మనం కూడా అలాగే రద్దు చేసి ఇంకొకరికి ఆ సీటు వదిలిపెట్టాలని, ఈ ఒక్కటి మాత్రం మరచిపోవద్దని రెండుసార్లు చెప్పాను.

నిన్న రాత్రి పది గంటలకు ఫోన్ చేసింది. బుకింగ్ తెరుచుకుందట, రెండో రాత్రి తొమ్మిదిన్నర ఆటకు ఆరుగురికీ చోటు దొరికిందట. మూడు కేబిన్లూ యాప్‌లో ఒకచోట జోడించావా అని అడిగాను, ముందు ఆ పనే చేశానంది. ఫోన్‌లో టైము తనంతట తాను మారకుండా ఎక్కడ ఆపాలో అడిగితే, సెట్టింగ్స్‌లో అది ఎక్కడుందో చెప్పాను. వాళ్ల మామగారి దగ్గర తాళం తిప్పే గడియారం ఏమైనా ఉందా అని కూడా అడిగాను. ఉందట, బీరువాలో ఎక్కడో ఉంది, వెతికి తీయిస్తానంది.